లెక్కకు ముందు చదువు

మన సికిందరాబాదులో నేడు అనేక గృహములందు ఒక పరీక్ష మాట వినవచ్చుచున్నది. ఇంజనీరింగు ముగించి రెండు మూడేండ్లు ఉద్యోగము చేసిన కుమారుడో కుమార్తెయో, గచ్చిబౌలిలోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ వంటి విద్యాలయమున చేరదలచి, జీమ్యాట్ అను ప్రవేశ పరీక్షకు చదువుచుందురు. పగలు కొలువు, రాత్రి పుస్తకము. అందులో పలువురిని కలవరపెట్టు భాగము డేటా ఇన్‌సైట్స్. దానిని గూర్చి నేడు కొంత మనవి చేయుదుము.

ఈ భాగము వెనుక కొంత చరిత్ర కలదు. 2012 జూన్‌లో ఇంటిగ్రేటెడ్ రీజనింగ్ అను పేర ఇటువంటి ప్రశ్నలు ఈ పరీక్షలో ప్రవేశించినవి. అప్పుడు వాటి మార్కులు వేరుగా నుండెడివి. మొత్తములో చేరెడివి కావు. 2023 నవంబరులో వచ్చిన కొత్త పద్ధతిలో డేటా ఇన్‌సైట్స్ ఏర్పడి, గణిత భాగముతోను, భాషా భాగముతోను సమానమైన విలువ పొందినది. 45 నిమిషములలో 20 ప్రశ్నలు. అనగా సగటున ఒక్కొక్క ప్రశ్నకు 2 నిమిషముల 15 సెకనులు మాత్రమే. లెక్కలు చేయు యంత్రమును తెరమీదనే ఇత్తురు. యంత్రమును చేతికిచ్చి కూడికలను పరీక్షింపరు గదా! ఇచట పరీక్షించునది చదువుట: పట్టికను, రేఖాచిత్రమును, రెండు మూడు ఉత్తరములను కలిపి చదివి, వాటినుండి ఏది తేలును, ఏది తేలదు అని నిర్ణయించుట.

ఇందు డేటా సఫిషియన్సీ అను ఒక జాతి ప్రశ్న కలదు. ఇచ్చిన సమాచారము చాలునా, చాలదా అని చెప్పిన చాలును, జవాబును కట్టనక్కరలేదు. ఒక ఉదాహరణము చూతము. సికిందరాబాదులో బయలుదేరిన ఒక రైలు కాజీపేట చేరువరకు సగటున ఎంత వేగముతో నడిచినది? మొదటి వాక్యము దూరమును చెప్పినది. రెండవ వాక్యము బయలుదేరిన వేళను మాత్రమే చెప్పినది. మన పిల్లవాడు ఆ దారిలో పలుమార్లు ప్రయాణము చేసినవాడు. ఎంతసేపు పట్టునో అతనికి తెలియును. ఆ తెలిసినదానిని కలుపుకొని, "చాలును" అని గుర్తు పెట్టును. ప్రశ్నలో చేరిన వేళ లేదు గనుక రెండు వాక్యములు కలిపినను చాలవు. ఇంటినుండి తెచ్చుకొన్న జ్ఞానమును గుమ్మము వెలుపల విడువవలెను.

మరియొక చిక్కు గలదు. ఆ రైలు వరంగల్లులో ఆగినదా అని ప్రశ్న. కాజీపేట విడిచిన పిదప విజయవాడ వరకు ఎచటను ఆగలేదని ఒక వాక్యము. జవాబు "లేదు" అని వచ్చినది గనుక, వాక్యము చాలదని కొందరు భ్రమపడుదురు. నిశ్చయముగా లేదని తెలియుటయు తెలియుటయే. ఔను, కాదు అను రెండింటికిని చోటు మిగిలినప్పుడే సమాచారము చాలదు.

శాతముల విషయమునను ఇట్టి జాగ్రత్తయే కావలెను. మొండా మార్కెట్టులో ఇద్దరు వర్తకులు కలరనుకొందము. ఒకని అమ్మకము 20 పెట్టెలనుండి 30కి, మరియొకనిది 200 నుండి 240కి పెరిగినది. శాతము చూచిన మొదటివాడు 50, రెండవవాడు 20. పెట్టెలు లెక్కించిన మొదటివాడు 10, రెండవవాడు 40. అడిగినది పెరిగిన పరిమాణమా, పెరిగిన శాతమా అని చూడక లెక్క మొదలుపెట్టినవాడు, లెక్క తప్పకయే మార్కు పోగొట్టుకొనును.

ఈ విద్య పరీక్షకు మాత్రమే పరిమితము కాదు. రోనాల్డ్ రాస్ రెండేండ్లకు పైగా దోమలను కోసి పరిశీలించెను. వానిలో అధికభాగము మనుష్యుల మలేరియాను మోయజాలని జాతులవి. అవి ఎన్ని చూచినను, దోమకు మలేరియాతో సంబంధము లేదని తేల్చుటకు ఆ సమాచారము చాలదు. 1897 ఆగస్టు 20వ తేదీన ఈ సికిందరాబాదులోనే, మరియొక జాతి దోమ కడుపులో ఆయనకు ఆ క్రిమి కనబడినది. కనబడకపోవుట వేరు, లేకపోవుట వేరు.

ఇక సాధన. పట్టికను చూచిన వెంటనే యంత్రమును తాకరాదు. తొలి అరనిమిషము శీర్షికను, వరుసల పేర్లను, కొలమానమును చదువవలెను. అంకెలు వేలా, లక్షలా అని చూడవలెను. రైల్వే కాలపట్టిక, పత్రికలలో వచ్చు బడ్జెటు పట్టిక మంచి సాధనములు. ఇంటివారు వాటినుండి ప్రశ్నలు అడుగవచ్చును. తప్పిన ప్రశ్నలను ఒక పుస్తకమున వ్రాసి, చదువుటలో తప్పెనా, తర్కమున తప్పెనా, లెక్కలో తప్పెనా అని విడదీయవలెను. కొన్ని ప్రశ్నలకు రెండు మూడు భాగములుండును. అన్నియు సరియైననే మార్కు. కావున మిక్కిలి జటిలమైనదానికి ఒక ఊహ చేసి ముందుకు సాగవలెను. చివర వ్యవధి మిగిలినచో, ఒక్కొక్క విభాగమున మూడు జవాబుల వరకు మార్చుకొను వీలు కలదు. కొన్ని ప్రశ్నలు ముట్టకయే గడువు ముగిసినచో నష్టము కలుగును. రేడియోలో పనిచేయు మాకు సెకను విలువ తెలియును: వేళ ముగిసిన పిమ్మట మిగిలిన మాట ఎంత మంచిదైనను శ్రోతకు చేరదు.

తలిదండ్రులకు ఒక్క మాట. శిక్షణ కొరకు మీరు కట్టు రుసుము ఏండ్ల తరబడి కూడబెట్టినది. ప్రకటనలో నూరు ఛాయాచిత్రములు చూపి, ఇందరికి సీట్లు వచ్చినవని వ్రాయుదురు. చేరినవారెందరు? నూటయిరువదిమందియా, మూడు వేలమందియా? ఆ ఛాయాచిత్రములలోనివారు పూర్తి శిక్షణ పొందినవారా, ఒక నమూనా పరీక్షకు మాత్రమే వచ్చినవారా? ఈ రెండును తెలియనిదే ఆ నూరు అను అంకె దేనినీ ఋజువు చేయదు. రుసుము చెల్లించుటకు ముందు ఆ ప్రకటనను మీ పిల్లల యెదుట ఉంచి, ఈ సమాచారము చాలునా అని అడుగుడు. వారి సిద్ధత ఎంతవరకు వచ్చినదో ఆ జవాబే మీకు తెలుపును.