ఐదు గెలుపులు, ఐదు ఓటములు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో ఇచ్చిన తీర్పు పుణ్యమా అని ఏటా ఈ రోజున మనం కలుసుకుంటున్నాం. బకాయిల సంగతులు కార్యదర్శిగారు వివరంగా చెప్పారు. నన్ను విద్యార్థి దశ జ్ఞాపకాలు చెప్పమన్నారు. 1970-71లో మా కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు గురించి చెబుతాను. కప్పు తెచ్చిన జట్టు కాదు. పది మ్యాచీలు ఆడి ఐదు గెలిచింది, ఐదు ఓడింది. అంతే.

నేను ఆటగాణ్ణి కాను. పొడుగు తక్కువ, చేతిరాత బాగుంటుంది. అందుకని పి.డి. గారు నన్ను స్కోరు పుస్తకం దగ్గర కూర్చోబెట్టారు. నా గుమాస్తాగిరీ అక్కడే మొదలైందనుకోండి! అప్పట్లో ఇరవయ్యేసి నిమిషాల రెండు భాగాలుగా ఆడేవారు. బుట్టలో పడితే రెండు పాయింట్లు, ఫ్రీ త్రోకు ఒకటి. దూరం నుంచి వేస్తే మూడు అనే నియమం అంతర్జాతీయంగా 1984లో గాని రాలేదు. ఐదు ఫౌళ్ళయితే ఆటగాడు బయటికి రావలసిందే. ఇవన్నీ పుస్తకంలో ఎక్కించాలి.

మాది మట్టి కోర్టు. సున్నంతో గీతలు గీసుకునేవాళ్ళం. వాన పడితే ఆ రోజుకి ఆట లేదు. మట్టి మీద బంతి మందంగా లేస్తుంది. మావాళ్ళకి అదే అలవాటు. అందుకే సొంత కోర్టులో ఆడిన ఐదింటిలో నాలుగు నెగ్గాం. ఆర్టీసీ బస్సెక్కి పై ఊళ్ళు వెళితే అక్కడ సిమెంటు కోర్టులు. బంతి చేతికి అందేలోపే పైకి లేచిపోయేది. వరుసగా నాలుగు ఓడిపోయాం. సగం ఆటకి నిమ్మచెక్కలు చప్పరిస్తూ ఒకరి మొహాలొకరు చూసుకునేవారు. అయినా ఒకరినొకరు నిందించుకోగా నేను చూడలేదు.

పదో మ్యాచీ కూడా సిమెంటు కోర్టు మీదే. విశ్వవిద్యాలయం జట్టుకు ఆటగాళ్ళను ఎంపిక చేసేవారు ఆ రోజు చూడడానికి వచ్చారు. మా కెప్టెన్‌కి అది చాలా ముఖ్యం. వాళ్ళ నాన్నగారు మగ్గం నేసేవారు. విశ్వవిద్యాలయం తరఫున ఆడిన సర్టిఫికెట్టు చేతికొస్తే రైల్వేలోనో పోలీసుశాఖలోనో స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగానికి ప్రయత్నించవచ్చు. ఆ సంగతి జట్టులో అందరికీ తెలుసు.

ఆఖరి నిమిషంలో స్కోరు 38-38. బంతి కెప్టెన్ చేతిలో ఉంది. ఎదుట ఇద్దరు అడ్డంగా నిలబడ్డారు. అయినా వేయగల చెయ్యే అతనిది. వేయలేదు. అవతల ఖాళీగా నిలబడ్డ మొదటి సంవత్సరం కుర్రాడికి అందించాడు. ఆ కుర్రాడు అంతకు ముందు ఏ మ్యాచీలోనూ ఒక్క పాయింటు వేయలేదు. వణుకుతూ వేశాడు, పడింది. 40-38. సిమెంటు మీద మేం గెలిచిన ఒకే ఒక్క మ్యాచీ అది.

కుర్రాడి పేరుకెదురుగా రెండు పాయింట్లు రాశాను. కెప్టెన్ పేరుకెదురుగా ఆ రోజు మొత్తం ఎనిమిదే. బంతి అందించినవాడికి ఆ పుస్తకంలో కాలమ్ లేదు. విశ్వవిద్యాలయం జాబితాలో మా కాలేజీ పేరు ఒక్కటీ రాలేదు. కుర్రాడికి మాత్రం ధైర్యం వచ్చింది. రెండేళ్ళ తరువాత ఆ జట్టులోకి వెళ్ళాడు, రైల్వేలో స్థిరపడ్డాడు. కెప్టెన్ బి.ఇడి. చేసి జిల్లా పరిషత్ హైస్కూలులో లెక్కల మాస్టారయ్యాడు.

ఆయన పోయిన ఏడాది కాలం చేశారు. పెద్దకర్మకి వెళ్ళాను. పిల్లలకి ఆయన లెక్కల మాస్టారుగానే తెలుసు. బాస్కెట్‌బాల్ ఆడేవారని కూడా తెలియదు. ఈ సంగతి చెబితే పెద్దబ్బాయి, "ఇన్నేళ్ళలో మాతో ఒక్కసారీ అనలేదండీ" అని చాలాసేపు మాట్లాడలేకపోయాడు.

మిత్రులారా, మన ఆఫీసుల్లోనూ అంతే కదా. భర్త పోయిన ఇల్లాలికి ఫ్యామిలీ పెన్షన్ మంజూరైతే ఆర్డరు మీద ఆఫీసరుగారి సంతకం ఉంటుంది. రికార్డు రూములో దుమ్ము పీలుస్తూ మూటలు విప్పి, కనబడకుండా పోయిన సర్వీసు రిజిస్టరు వెతికి తెచ్చిన అటెండరు పేరు ఏ ఫైలులో ఉంది? మనలో చాలామంది సర్వీసు కూడా ఐదు గెలుపులు, ఐదు ఓటములే. ఆ గెలుపుల్లో మనకి బంతి అందించినవాళ్ళు ఎవరో మనకొక్కళ్ళకే తెలుసు. మనం చెప్పకపోతే ఆ సంగతి మనతోనే పోతుంది.

అందుచేత సంఘానికి ఒక మనవి. ప్రత్యేక సంచికలో ప్రతి సభ్యుడూ తన గురించి కాక, తనకు సాయపడిన ఒక సహోద్యోగి గురించి పది వాక్యాలు రాస్తే బాగుంటుంది. చెయ్యి వణికి రాయలేనివారు చెబితే మనుమలు, మనుమరాళ్ళు రాసిపెడతారు. ఆ సహోద్యోగి ఉంటే చదువుకుంటారు, లేకపోతే వారి పిల్లలు చదువుకుంటారు.