మూగజీవి చెవిపోటు – నేను నేర్చుకున్న పాఠం

(మన సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద ఇంతకుముందు మాట్లాడినవారు కమ్యుటేషన్ గురించి, డి.ఎ. బకాయిల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి చెప్పారు. నేను కుక్క చెవి గురించి మాట్లాడతానంటే కార్యదర్శిగారు నన్ను ఎగాదిగా చూశారు. కాని పిల్లలు హైదరాబాదుకో, అమెరికాకో వెళుతూ కుక్కను మనకు అప్పగించిన ఇళ్లు ఎన్ని అని అడిగితే ఈ హాలులో చాలా చేతులే లేస్తాయని నాకు తెలుసు. ఆ ధైర్యంతోనే నిలబడ్డాను.

మా ఇంట్లో ఉన్నది లాబ్రడార్ జాతి కుక్క. పేరు బ్రూనో. మా ఆవిడకు ఆ పేరు నోరు తిరగక బుజ్జోడు అంటుంది. 2017లో మా అబ్బాయి హైదరాబాదులో అపార్టుమెంటుకు మారుతూ దాన్ని కాకినాడలో మా దగ్గర వదిలాడు. 2019 వానాకాలంలో అది తల విదిలించడం, కాలితో ఎడమ చెవి గోక్కోవడం మొదలుపెట్టింది. చెవి ఎత్తి చూస్తే గోధుమరంగు గులిమి, పులిసిన వాసన.

నేను చేసిన తప్పులు వరుసగా మనవి చేస్తాను. మొదట, నా చెవికని ఎప్పుడో కొన్న చుక్కల మందు బీరువాలో ఉంటే అదే వేశాను. తరువాత ఎవరో చెప్పారని వెల్లుల్లి కాచిన నూనె పోశాను. అది కుయ్యోమని మంచం కిందికి దూరింది. అప్పటికి గాని పశువైద్యుని దగ్గరకు తీసుకుపోలేదు. ఆయన రెండు వారాలు మందు వేసి మళ్లీ తీసుకురమ్మన్నారు. అయిదో రోజుకు వాసన పోయింది. నేను మందు ఆపేశాను, మళ్లీ వెళ్లలేదు. రెండు నెలలకు జబ్బు తిరగబెట్టింది. పాత చీటీ పట్టుకుని మందుల షాపులో అదే సీసా కొన్నాను. ఈ తంతు దాదాపు మూడేళ్లు నడిచింది.

2022 సంక్రాంతికి మా అబ్బాయి, కోడలు, ఆరేళ్ల మనవడు వచ్చారు. మనవడు బ్రూనో మెడ కావలించుకున్నాడు. చెయ్యి ఎడమ చెవి మీద పడింది. ఎన్నడూ ఎవరినీ కరవని కుక్క గిర్రున తిరిగి వాడి చెయ్యి పట్టుకుంది. పన్ను దిగింది. కుళాయి కింద సబ్బుతో పావుగంట కడిగి వెంటనే ఆసుపత్రికి తీసుకుపోయాము. కుక్కకు టీకాలు వేయించి ఉన్నా, వాడికి రేబీస్ టీకాల కోర్సు పూర్తిగా వేయించాము. ఈ విషయంలో ఎవరూ మొహమాటపడవద్దు.

ఆ రాత్రి మా అబ్బాయి, “నాన్నగారూ, ఇక దీన్ని ఎవరికైనా ఇచ్చేద్దాం” అన్నాడు. వాడిని తప్పు పట్టలేను. కాని మా ఆవిడ ఒక్కటే అడిగింది: “మూడేళ్లుగా అది తల విదిలిస్తూనే ఉంది కదండీ, మీరు పట్టించుకున్నారా?” నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు మరొక పశువైద్యురాలి దగ్గరకు వెళ్లాము. మా అమ్మాయి వయసు ఉంటుంది. ఆవిడ మొదట మందు రాయలేదు. పుల్లతో కొంచెం గులిమి తీసి, గాజుపలక మీద రాసి, రంగువేసి సూక్ష్మదర్శినిలో చూశారు. “బాబాయిగారూ, ఇందులో ఈస్ట్ ఉంది, బాక్టీరియా కూడా ఉంది. దేనికి ఏ మందో చూడకుండా ఇన్నాళ్లూ వేశారు. ఇది కరిచిన కుక్క కాదు, నొప్పితో అరిచిన కుక్క” అన్నారు.

తరువాత ఆవిడ చెప్పినవి నేను నోటు చేసుకున్నాను. మన చెవి మార్గం ఇంచుమించు తిన్నగా ఉంటుంది. కుక్కది ముందు కిందికి దిగి, తరువాత లోపలికి మలుపు తిరుగుతుంది. తడి, గులిమి ఆ మలుపులో నిలిచిపోతాయి. చెవులు వేలాడే జాతులకు గాలి ఆడదు. మన కోస్తా ఉక్కపోత, స్నానం చేయించాక తుడవకపోవడం తోడవుతాయి.

అయితే ఈస్ట్, బాక్టీరియా సాధారణంగా తమంతట తాము మొదలుపెట్టేవి కావు. అసలు కారణం వెనుక ఉంటుంది. మాటిమాటికీ తిరగబెట్టే చెవి జబ్బుకు వెనుక తరచుగా ఉండేది ఎలర్జీ. అది తిండి వల్ల కావచ్చు, ఇంటి దుమ్ములో ఉండే సన్నని పురుగుల వల్ల, పుప్పొడి వల్ల కావచ్చు. కుక్కపిల్లల్లో కాఫీపొడిలాంటి నల్లటి గులిమి కనిపిస్తే చెవి పురుగులను అనుమానించాలి. గడ్డి ముల్లు లోపల దిగి ఉండవచ్చు, పిడుదులు పట్టి ఉండవచ్చు, ముసలి కుక్కల్లో థైరాయిడ్ లోపం ఉండవచ్చు. మన భాషలో చెప్పాలంటే, చుక్కల మందుతో వాసన తగ్గడం ఇంటరిం రిప్లై మాత్రమే. మూలకారణం తేలేదాకా ఫైలు క్లోజు కాదు.

బ్రూనోకు తిండి పరీక్ష పెట్టారు. ఎనిమిది వారాలు అది అంతకుముందు తినని చేప, చిలగడదుంప తప్ప మరేమీ పెట్టకూడదు. మూడో వారంలో, ఉదయం కాఫీ వేళ అది నా మొహంకేసి చూస్తుంటే మనసాగక ఒక బిస్కెట్టు పెట్టాను. డాక్టరుగారికి దాచకుండా చెప్పాను. ఆవిడ నవ్వి, మళ్లీ ఒకటో రోజు నుంచి లెక్క అన్నారు. బ్రేక్ ఇన్ సర్వీస్ అన్నమాట, వెనకటి సర్వీసు లెక్కకు రాదు! ఈసారి ఎనిమిది వారాలూ నిష్ఠగా నడిపాము. చెవి ఎరుపు తగ్గింది. మళ్లీ కోడిమాంసం పెట్టి చూస్తే వారం లోపే చెవులు ఎర్రబడ్డాయి. ముద్దాయి దొరికింది. మేము ముద్దుగా పెట్టిన కోడి ముక్కలే దాని జబ్బు.

ఇక మీకు పనికివచ్చే విషయాలు. వారానికొకసారి చెవి ఎత్తి చూడండి, వాసన చూడండి. డాక్టరు చెప్పిన ద్రవంతోనే శుభ్రం చేయాలి. చెవి నిండా పోసి, చెవి మొదలు దగ్గర అర నిమిషం మెల్లగా మర్దనా చేసి, తల విదిలించనిచ్చి, పైకి వచ్చినదాన్ని దూదితో తుడవాలి. దూది పుల్లలు లోపలికి పెట్టకూడదు, మురికి ఇంకా లోపలికి పోతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్, నూనెలు పోయకూడదు. కర్ణభేరి చిరిగి ఉంటే కొన్ని మందులు వినికిడినే పోగొట్టగలవు. అందుకే డాక్టరు చెవి లోపల చూడకముందు ఏ మందూ వేయవద్దు. మందు చెప్పినన్ని రోజులూ వేసి, మళ్లీ గాజుపలక పరీక్ష చేయించి, డాక్టరు ఆపమన్నాకనే ఆపాలి. ఎంతకీ తగ్గకపోతే ఏ మందు పనిచేస్తుందో తేల్చే కల్చర్ పరీక్ష అడగండి. చెవి డొప్ప రక్తంతో ఉబ్బినా, తల ఒక పక్కకు వాల్చినా, నడక తూలినా ఆ రోజే తీసుకువెళ్లండి.

నా ఆలస్యానికి మూల్యం బ్రూనో చెల్లించింది. మూడేళ్ల వాపుతో ఎడమ చెవి మార్గం మందంగా ఇరుకైపోయింది. ఆ చెవితో సరిగా వినపడదు. ఇంకా ఆలస్యమైతే చెవి మార్గం మొత్తం ఆపరేషన్ చేసి తీసివేయవలసి వచ్చేదని డాక్టరుగారు అన్నారు. ఇప్పుడు దాన్ని కుడివైపు నుంచి పిలుస్తాము. మా మనవడికి ఆ సంగతి మొదట నేనే చెప్పాను. నిరుటి వేసవి సెలవులకు వచ్చినప్పుడు వాడు గుమ్మంలో నిలబడకుండా చుట్టూ తిరిగి కుడిపక్కకు వెళ్లి, “బ్రూనో” అని పిలిచాడు. అది తోక ఊపుకుంటూ లేచింది. మా అబ్బాయి ఇచ్చేద్దామన్న మాట మళ్లీ ఎత్తలేదు.

సోదరులారా, ముప్పై ఆరేళ్ల సర్వీసులో ఎవరి అర్జీ అయినా మూడేళ్లు నా సొరుగులో పడి ఉందంటే నేను సిగ్గుపడేవాడిని. ఇంట్లో ఉన్న మూగజీవి రోజూ తల విదిలించి పెట్టుకున్న అర్జీ మాత్రం చదవలేకపోయాను. మీలో కుక్కను పెంచుతున్నవారు ఈ సాయంత్రం ఇంటికి వెళ్లగానే ఒకసారి దాని చెవి ఎత్తి చూడవలసిందిగా కోరుతున్నాను.