దారిలో ఉన్న శ్రామికునికి వైద్య రక్షణ

(పర్సుడీహ్‌లో రైల్వే, తపాలా ఉద్యోగులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



మనము సమావేశమైన ఈ పర్సుడీహ్, టాటానగర్ స్టేషనుకు చేరువలోనే ఉన్నది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలము నుండి తెలుగువారు పొట్ట చేతబట్టుకొని ఈ ప్రాంతమునకు వచ్చుచునే ఉన్నారు. 1919లో కాలిమాటి స్టేషను టాటానగర్‌గా మారినది. స్టేషను పేరు మారినంతగా, అచ్చట దిగు కూలీ స్థితి మారలేదు. అతనికి జబ్బు చేసినచో, కాలు విరిగినచో, చికిత్స ఖర్చు ఎవరు భరించవలెను?

అమెరికాలోని బిడ్డల వద్దకు పోవు తల్లిదండ్రులు కొన్ని నెలలకు ప్రయాణ బీమా కొనుక్కొని విమానమెక్కుచున్నారు. డబ్బు గలవానికి తాత్కాలిక రక్షణ అంగడిలో దొరకును. కూలీకి అది నాలుగు ముక్కలుగా మాత్రమే ఉన్నది. ఆ నాలుగింటిని పరిశీలింతము.

మొదటిది టికెట్టుతో వచ్చు బీమా. 2016 సెప్టెంబరు నుండి ఇంటర్నెట్ ద్వారా రిజర్వేషను చేసికొనువారు రూపాయికి లోపు రుసుముతో ప్రమాద బీమా పొందగలరు. మరణించినచో 10 లక్షలు, గాయపడినచో ఆసుపత్రి ఖర్చులకు 2 లక్షల వరకు లభించును. కాని కౌంటరులో టికెట్టు కొన్నవానికి, జనరల్ బోగీలో నిలబడి వచ్చినవానికి ఇది లేదు. పైగా ఇది ప్రమాదమునకే గాని జ్వరమునకు కాదు. అయితే 1989 నాటి రైల్వే చట్టములోని 124, 124ఏ సెక్షనులు టికెట్టు గల ప్రతి ప్రయాణికునికి వర్తించును. జనరల్ బోగీవాని కుటుంబము కూడ రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు పోవచ్చును. మరణ పరిహారము 2017 నుండి 8 లక్షలు. ఈ సంగతి ఎందరు కూలీలకు తెలియును?

రెండవది ఉద్యోగముతో వచ్చునది. ఈ జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారములో 1915లోనే ఉచిత వైద్య సహాయము ప్రారంభమైనది. దేశమంతటికి ఇ.ఎస్.ఐ. చట్టము 1948లో వచ్చినది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీలలో అమలు మొదలైనది. నేడు నెలకు 21,000 రూపాయల లోపు వేతనము గల కార్మికుడు నూటికి 0.75, యజమాని 3.25 చొప్పున చెల్లించుచున్నారు. జ్వరమునకు మందు, సెలవు దినములకు భృతి రెండును ఇచ్చుట దీని గొప్పతనము. కాని కంట్రాక్టరు పేరు నమోదు చేయనిచో ఆ కార్మికునికి కార్డే ఉండదు.

వలస కార్మికులకు ఉచిత వైద్య సౌకర్యము కల్పించు బాధ్యతను 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టము కంట్రాక్టరుపై ఉంచినది. అయిదుగురు ఉన్నచోటనే అది వర్తించినది. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన కొత్త స్మృతి ఆ సంఖ్యను పదికి పెంచినది. శ్రీకాకుళము నుండి ఎనమండుగురు జట్టుగా వచ్చి పనిచేయుచో, ఆ జట్టు దాని వెలుపల నిలిచిపోవును. ఇది మనము ప్రశ్నించవలసిన విషయము.

మూడవది కార్డు. 2018 సెప్టెంబరు 23న మన రాంచీలోనే ఆయుష్మాన్ భారత్ ఆరంభమైనది. కుటుంబమునకు ఏడాదికి 5 లక్షలు. పథకము అమలులో ఉన్న ఇతర రాష్ట్రములలోను చెల్లును. అయినను ఆసుపత్రిలో చేరిన చికిత్సకే గాని బయట కొన్న మందులకు వర్తించదు. స్వరాష్ట్రపు ఆరోగ్యశ్రీ వంటి కార్డు ఉన్నంత మాత్రమున ఇచ్చట చెల్లునని తలపరాదు. కేంద్ర జాబితాలో కుటుంబము పేరు ఉన్నదో లేదో 14555 నంబరుకు ఫోను చేసి ముందే తెలిసికొనవలెను.

నాల్గవది విదేశములకు పోవువారిది. కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతముల నుండి గల్ఫుకు పోవు కార్మికుల కొరకు 2003లో ప్రవాసీ భారతీయ బీమా యోజన వచ్చినది. రెండేండ్లకు 275 రూపాయల ప్రీమియముతో ప్రమాద మరణమునకు 10 లక్షలు, ఆసుపత్రి ఖర్చులకు లక్ష వరకు గలవు. విజిటింగ్ వీసాపై దళారి పంపినవానికి ఈ రక్షణ ఉండదు.

మిత్రులారా! నాలుగింటిలోను లోపమొక్కటే. రక్షణ కాగితమునకు ఉన్నది, మనిషికి లేదు. కాగితము జారిపోయినచో మనిషి జారిపోవుచున్నాడు. ఆ కాగితములు నడచునది మన చేతుల మీదుగానే. టికెట్టు ఇచ్చునది రైల్వే ఉద్యోగి. ఇంటికి పంపు మనియార్డరు, ఇంటి నుండి వచ్చు ఉత్తరము అందించునది తపాలా ఉద్యోగి.

కావున మన శాఖలు మూడు పనులు చేపట్టవలెను. ప్రయాణము ముగిసినను టికెట్టు పారవేయవద్దని, బీమా తీసికొన్నవారు నామినీ పేరు తప్పక నింపవలెనని ప్రయాణికులకు తెలుపవలెను. వలస కూలీలకు ఇ.ఎస్.ఐ. నమోదు, ఆయుష్మాన్ కార్డుల విషయమున వారి భాషలో సహాయపడవలెను. ఈ ఖాస్‌మహల్‌లోని సదర్ ఆసుపత్రికి దారి చూపువాడొకడు ఉన్నను మేలే. జట్టు ఎంత చిన్నదైనను వైద్య బాధ్యత కంట్రాక్టరుదేయని చట్టమును సవరించుమని సమాఖ్య ద్వారా కోరవలెను.

మనకు వైద్య సౌకర్యము ఉన్నదని ఊరకుండుట సంఘ ధర్మము కాదు. మన తాతలును ఒకనాడు ఇదే ప్లాట్‌ఫారముపై సంచితో దిగినవారే.