అడగడానికి కూడా శుల్కమేనా?



శ్రావణమాసంలో ఎస్. రాయవరంలో మా బంధువులింటికి పేరంటానికి వెళ్లాను. తాంబూలం పుచ్చుకుని లేవబోతుంటే పక్కింటావిడ నన్ను మెల్లగా పెరట్లోకి పిలిచింది. "పిన్నీ, మా గుంట ఇంకా సదువుతానంటంది. పీహెచ్‌డీ అట, అమెరికాలోనట. అప్లికేషన్లకే యాభై వేలు కావాలట. సదువుకి కాదు, అడగడానికి! ఈ గొలుసు తాకట్టు పెట్టీమంటారా?" అంది. గొలుసు అప్పటికే కొంగున ముడేసుకుని ఉంది.

నేను పదో తరగతితో ఆగిపోయినదాన్ని. ఏం చెప్పను? రెండు రోజులు ఆగమ్మా అన్నాను. ఆ పిల్లనే కూచోబెట్టుకుని కొంత, విశాఖలో తెలిసిన లెక్చరరు గారిని అడిగి కొంత తెలుసుకున్నాను. ఎమ్మెస్సీ, ఎమ్మే అయిన ఆడపిల్లలు మీ ఇంట్లో ఉంటే కాస్త కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

రాయవరం అంటే గురజాడ అప్పారావు గారు 1862లో పుట్టిన ఊరు. ఆయన ఒక శుల్కం మీద నాటకం రాశారు, మనం ఇవాళ ఇంకో శుల్కం సంగతి చెప్పుకుంటున్నాం. ఆయన చదువూ పరాయి సాయంతోనే గట్టెక్కింది. తండ్రి పోయాక విజయనగరం కాలేజీ ప్రిన్సిపాలు చంద్రశేఖర శాస్త్రి గారు ఆయనకు ఉచితంగా భోజనం, వసతి కల్పించారు. కాబట్టి సాయం అడగడంలో నామోషీ ఏమీ లేదు.

అసలు సంగతేమిటంటే, బీయే, బీకాంలకు మనం ఫీజు కడతాం. పీహెచ్‌డీకి మాత్రం, సరైన దారిన వెళితే, వాళ్లే మనకు డబ్బిస్తారు. ఈ ముక్క చాలామంది తల్లులకు తెలియదు. నాకూ తెలియదు.

మన దేశంలో నెట్ అనే పరీక్ష ఉంది. సైన్సు పిల్లలకు సీఎస్ఐఆర్ నెట్, తక్కిన సబ్జెక్టులవాళ్లకు యూజీసీ నెట్. అందులో జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లూ నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత 42,000. ఈ రేట్లు 2023 జనవరి నుంచి వచ్చాయి. హాస్టల్ లేకపోతే ఇంటి అద్దె భత్యం వేరే. వయోపరిమితిలో ఆడవారికి అయిదేళ్ల సడలింపు కూడా ఉంది. ప్రతినెలా ఒకటో తారీఖున చేతికొస్తుందని మాత్రం పాలవాడికి మాటివ్వకండి. ఆలస్యాలుంటాయి, మొదటి నాలుగు నెలలకు సరిపడా ఇంట్లో ఏర్పాటు చేసుకోవాలి.

ఇక ఈ పరీక్ష ఫీజు. 2025లో జనరల్ వాళ్లకు 1,150 రూపాయలు, ఓబీసీ వాళ్లకూ, ఆర్థికంగా వెనుకబడినవారికీ 600, ఎస్సీ, ఎస్టీ, వికలాంగులకు 325. ఇక్కడే మా రాయవరం పిల్ల పొరబడింది. వాళ్లు బీసీలే, బీసీ సర్టిఫికెట్టూ ఇంట్లో ఉంది. కాని కేంద్ర పరీక్షలకు అది చాలదు, ఓబీసీ నాన్ క్రీమీలేయర్ అని వేరే నమూనాలో తీసుకోవాలి. చివరి రోజు దాకా ఆగి, ఆ కాగితం లేక, జనరల్ కింద పూర్తి ఫీజు కట్టేసింది. పోయింది 550 రూపాయలే అనుకోకండి, ఆ ఏటికి రిజర్వేషన్ కూడా పోయింది. గేట్ పరీక్షకైతే ఆడపిల్లలందరికీ, కులంతో పనిలేకుండా, ఫీజు సగమే.

విదేశాల మాటకొస్తాను. అమెరికాలో ఒక్కో యూనివర్సిటీ దరఖాస్తుకు 75 నుంచి 100 డాలర్ల దాకా ఉంటుంది. ఎనిమిదింటికి పెడితే యాభై వేలు దాటడం నిజమే. అయితే వెయివర్ అని ఒకటుంది, ఫీజు మాఫీ అన్నమాట. డిపార్ట్‌మెంటు వాళ్లకు ఈమెయిల్ రాసి, మా ఇంటి ఆదాయం ఇంత, ఫీజు కట్టలేను అని మర్యాదగా అడగాలి. కొన్నిచోట్ల తమ దేశం వాళ్లకే ఇస్తారు, కొన్నిచోట్ల మనకూ ఇస్తారు. వాళ్లు జరిపే పరిచయ సమావేశాలకు కంప్యూటర్లో హాజరైతే మాఫీ చేసేవాళ్లూ ఉన్నారు. ముఖ్యంగా, ఫీజు కట్టకముందే రాయాలి. కట్టాక సాధారణంగా వెనక్కి ఇవ్వరు. సీటొచ్చాక అక్కడ చాలావరకు ట్యూషన్ ఫీజు ఉండదు, క్లాసులు చెప్పినందుకో, ప్రయోగశాలలో పనిచేసినందుకో నెలకింత ఇస్తారు. జర్మనీలో అయితే చాలా చోట్ల పీహెచ్‌డీ అంటే జీతం ఉన్న ఉద్యోగమే. దరఖాస్తుకు మామూలుగా రుసుమూ ఉండదు.

ఎమ్మెస్ వేరు, పీహెచ్‌డీ వేరు. పీహెచ్‌డీకి కూడా లక్షలు అప్పు చెయ్యాలని ఎవరైనా చెబితే రెండోసారి ఆలోచించండి.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1920లలో హార్వర్డుకు వెళ్లినప్పుడు ప్రవేశం దొరికింది గాని స్కాలర్‌షిప్ లేదు. కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారు సాయపడితే ఓడెక్కారు. అక్కడికి వెళ్లాక ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేశారు. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. ఆ కథ చెప్పేవాళ్లంతా ఇక్కడితో ఆపుతారు. నాకు మాత్రం ఆయన భార్య శేషగిరి గారు గుర్తొస్తారు. కన్న కొడుకు పసితనంలోనే పోయాడు. భర్త తిరిగి రాలేదు, 1948లో అక్కడే పోయారు. చేతిలో డబ్బు లేని చదువు ఎవరి దగ్గర ఎంత తీసుకుంటుందో ఏ రసీదులోనూ ఉండదు.

పెళ్లయిన పిల్లల మాట ఒకటి మరిచిపోయాను. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ చేసే ఆడవారికి ప్రసూతికీ, పిల్లల పెంపకానికీ కలిపి మొత్తం 240 రోజుల దాకా సెలవుంది. పూర్తిచెయ్యడానికి పదేళ్ల దాకా గడువు పొడిగించవచ్చు. "పెళ్లయితే చదువు ఆగిపోతుంది" అనే వియ్యంకులకు ఈ మాట చెప్పండి. సైన్సులో మధ్యలో ఆపేసినవారికి కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ వైజ్ పీహెచ్‌డీ అనే ఫెలోషిప్ ఇస్తోంది. దానికి 27 నుంచి 45 ఏళ్ల లోపు ఆడవారు అర్హులు.

రాయవరం పిల్ల నాలుగు యూనివర్సిటీలకు ఉత్తరాలు రాసింది. ఒకరు మాఫీ చేశారు, ఒకరు కుదరదన్నారు, ఇద్దరు ఇంకా పలకలేదు. వాళ్లమ్మ మొన్న ఫోన్ చేసింది. గొలుసు మెడలోనే ఉందట. ఓబీసీ కాగితం ఎన్నాళ్లు చెల్లుతుందో కనుక్కుని చెప్పమంది.