రామేశ్వరం ట్రిప్: మా తమ్ముడు దిగబోయిన సముద్రం

ఈసారి సమ్మర్‌కి ఫ్యామిలీ అంతా రామేశ్వరం వెళ్లాం. అది దీవి అని పాంబన్ వంతెన ఎక్కేదాకా మా తమ్ముడికి తెలీదు.

మొదటి రోజు అగ్నితీర్థం. అక్కడ సముద్రం చెరువులా ఉంటుంది. హాయిగా మునిగాం. తర్వాత గుళ్లో 22 తీర్థాల స్నానం. బకెట్‌తో నెత్తిన పోస్తారు, ఇంకో జత బట్టలు ఉంచుకోండి.

రెండో రోజు ధనుష్కోడి. కొస దాకా రోడ్డుంది. వెళ్తుంటే ఎడమ పక్క నీళ్లు నిదానంగా, కుడి పక్క ఎగసిపడుతూ ఉన్నాయి. నిన్న ఆడుకున్నాం కదా అని వీడు చెప్పులు విప్పి కుడివైపు పరిగెత్తాడు. గవ్వలు అమ్మే ఒకావిడ తమిళంలో గట్టిగా అరిచింది. మాట అర్థం కాలేదు గానీ ఆవిడ చెయ్యి ఊపడం అర్థమైంది. నాన్న వెళ్లి వాణ్ని షర్టు పట్టుకుని లాగేశారు. అప్పటికే కాళ్ల కింద ఇసుక జారిపోతోందట!

రెండు సముద్రాలు కలిసే చోటు అది, లోపలి లాగుడు పైకి కనపడదు. 1964 డిసెంబర్ తుఫానుకి ఊరు ఊరే పోయింది, ప్యాసింజర్ రైలుతో సహా. పాడుబడ్డ చర్చి గోడలు ఇంకా ఉన్నాయి. వాటి దగ్గర మా వాడు ఒక్క సెల్ఫీ కూడా తీసుకోలేదు.

మీరు వెళ్తే స్నానం అగ్నితీర్థంలోనే కానివ్వండి. ధనుష్కోడికి పొద్దున్నే బయల్దేరండి, నీడ దొరకదు.