తరుగు లెక్క

(స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

 

"ఇంజనీరువు కదా, ఇల్లు కొనేవాళ్లకు పనికొచ్చే నాలుగు మాటలు చెప్పు" అని సంఘం వాళ్లు అన్నారు. సిమెంటు, ఇనుము సంగతి చెబుతాననుకొని ఉంటారు. నేను డబ్బు సంగతి చెబుతాను. నేను దెబ్బతిన్నది అక్కడే.

2005లో హైదరాబాద్‌లో ఒక ఫ్లాటు బేరం చేశాను. ధర 14 లక్షలు. బ్యాంకు 11 లక్షలు ఇస్తామంది. నా దగ్గర 3 లక్షలున్నాయి. సరిగ్గా సరిపోయిందని సంబరపడ్డాను. మన లెక్కల సారు ఇక్కడే ఉన్నారు. ఆ కూడికలో తప్పు లేదని ఆయనా ఒప్పుకుంటారు. తప్పంతా కూడికలో రాయకుండా వదిలేసిన వాటిలో ఉంది.

రిజిస్ట్రేషన్‌కు రెండు వారాలుందనగా అవి ఒక్కొక్కటే బయటపడ్డాయి. స్టాంపు డ్యూటీ, కారు పార్కింగు, కరెంటు మీటరు, నల్లా కనెక్షను, బ్యాంకు ఫీజు, వకీలు ఫీజు. అన్నీ కలిపి 2 లక్షల 20 వేలు తక్కువపడ్డాయి. రాత్రి బస్సెక్కి బాపు దగ్గరికి వచ్చాను. ఆ ఏడు పత్తి అమ్మిన డబ్బు చెల్లె పెళ్లికని దాచిపెట్టాడు. అంతా తీసి నా చేతిలో పెట్టి ఒక్క మాట అడిగాడు: "తరుగు లెక్క చూస్కోలేదా బిడ్డా?"

ఆదిలాబాద్ మార్కెట్ యార్డులో బండి నిలబెట్టినవాళ్లకు ఆ మాట విడమరచి చెప్పక్కర్లేదు. క్వింటాళ్లను రేటుతో గుణిస్తే వచ్చే సొమ్ము ఇంటికి రాదు. తేమ 8 శాతం దాటితే సీసీఐ వాళ్లు ధరలో కోస్తారు. 12 దాటితే కొననే కొనరు. పత్తి ఏరిన కూలి, బండి కిరాయి, హమాలీ అన్నీ పోవాలి. బాపు బడి ముఖం చూడలేదు. కానీ బండి కదలకముందే ఇంటికి ఎంత వస్తుందో చెప్పేవాడు. నేను వంతెనలకు ఎస్టిమేట్లు వేసేవాణ్ణి. కంటింజెన్సీ పద్దు లేకుండా ఒక్క ఫైలూ పైకి పంపలేదు. నా ఇంటికి మాత్రం ఆ పద్దు రాసుకోలేదు. చెల్లె పెళ్లి ఏడాది వాయిదా పడింది. ఆమెదీ ఈ బడే. ఇప్పుడు మూడో వరుసలో కూర్చొని నవ్వుతోంది. అప్పుడు నవ్వలేదు.

ఇప్పటి లెక్క చూద్దాం. మీ అబ్బాయో అమ్మాయో 50 లక్షలకు పూర్తయిన ఫ్లాటు కొంటున్నారనుకోండి. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం అప్పు 30 లక్షల లోపైతే ఇంటి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల మధ్య అయితే 80 శాతం దాకా, అంతకు మించితే 75 శాతం దాకా ఇవ్వొచ్చు. ఇవి గరిష్ఠ పరిమితులు. జీతాన్ని బట్టి, పాత అప్పులను బట్టి ఇంకా తగ్గొచ్చు. పూర్తిగా 80 శాతం వచ్చినా మన చేతి నుంచి 10 లక్షలు పెట్టాలి.

ఇక తరుగు. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 6 శాతం ఉండేది. 2021 జూలైలో 7.5 శాతం చేశారు. 50 లక్షల మీద అది 3 లక్షల 75 వేలు. మ్యుటేషన్‌కు ఇంకో 5 వేలు. వీటిని బ్యాంకు అప్పులో కలపదు. ఇంటి ఖరీదు 10 లక్షలు దాటకపోతేనే కలపడానికి రిజర్వ్ బ్యాంకు వీలిచ్చింది. 10 లక్షల ఇల్లు ఎక్కడుందో చూపించినవాళ్లకు ఈ పూట టీ నాది. అక్కడికే 13 లక్షల 80 వేలయింది. బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు, తాకట్టు దస్తావేజు ఖర్చు, వకీలు, సొసైటీ వాళ్ల కార్పస్ ఫండు, అల్మారాలు, ఫ్యాన్లు, సామాను లారీ ఇంకా మిగిలే ఉన్నాయి. ధరలో మూడో వంతు, అంటే 16, 17 లక్షలు చేతిలో లేకుండా 50 లక్షల ఇంటి బేరానికి కూర్చోవద్దని నేనంటాను. కట్టడంలో ఉన్న ఫ్లాటైతే 5 శాతం జీఎస్టీ అదనం, అంటే మరో రెండున్నర లక్షలు. 45 లక్షల లోపు చిన్న ఇంటికి 1 శాతమే. కానీ హైదరాబాద్‌లో అది 60 చదరపు మీటర్ల కార్పెట్ ఏరియా దాటకూడదు. పూర్తయి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక అమ్మే ఇంటికి జీఎస్టీ లేదు.

ఒకటి చాలామంది మరిచిపోతారు. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే అమ్మేవాడికిచ్చే సొమ్ములో 1 శాతం పట్టుకొని ఆదాయపు పన్ను శాఖకు మనమే కట్టాలి. ఇది అదనపు ఖర్చు కాదు. కట్టకపోతే మాత్రం వడ్డీ మన జేబులోంచి పోతుంది.

కొందరు తెలివిగా "దస్తావేజులో తక్కువ రాయిద్దాం, డ్యూటీ మిగులుతుంది" అంటారు. చట్టానికి విరుద్ధమన్న మాట అటుంచండి, లెక్కగా చూసినా నష్టమే. 10 లక్షలు తక్కువ రాస్తే డ్యూటీలో మిగిలేది 75 వేలు. బ్యాంకు ఆ తక్కువ ధర మీదే అప్పిస్తుంది కాబట్టి 8 లక్షల అప్పు తగ్గిపోతుంది. ఆ 8 లక్షలూ నగదుగా ఎక్కడినుంచి తెస్తారు?

ప్రీలాంచ్ ఆఫర్ల గురించి గట్టిగా చెబుతాను. రెరాలో నమోదు కావాల్సిన ప్రాజెక్టును నమోదుకు ముందు అమ్మడమే తప్పు. నమోదయ్యాక కూడా, అమ్మకపు ఒప్పందం రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. "మొత్తం ఇప్పుడే కడితే సగం ధరకే" అన్నవాడికి మీ రిటైర్మెంటు డబ్బు ఇవ్వకండి. ఈ సభలో టీచర్లు ఎక్కువ, అందుకే రెండుసార్లు చెబుతున్నాను. ఇవ్వకండి.

ఇక్కడే ప్లాటు కొనేవాళ్లకు ఇంకో సంగతి. ఉట్నూరు వైపు ఏజెన్సీ గ్రామాల్లో చవకగా వస్తుందంటే ఆగండి. 1/70 చట్టం ప్రకారం అక్కడి భూమి గిరిజనేతరుల పేరిట మారదు. అమ్మేవాడు గిరిజనేతరుడైనా అంతే. తెల్ల కాగితం మీదో, నోటరీ మీదో ఇచ్చిన బయానా మునిగినట్టే. ఆ చట్టం ఉన్నది గిరిజనుల భూమి నిలబెట్టడానికి, దానికి దారులు వెతక్కండి. అనుమతి లేని లేఅవుట్లో ప్లాటైతే ఎల్ఆర్ఎస్ రుసుము కట్టారో లేదో చూడండి. బాకీ ఉంటే ఎవరు కట్టాలో బయానాకు ముందే రాయించుకోండి.

పీఎఫ్ డబ్బు మీద లెక్క వేసుకునేవాళ్లు అది చేతికొచ్చే రోజులు కూడా లెక్కలో పెట్టండి. తక్కువపడిందని పర్సనల్ లోను తీసుకుంటే దాని కిస్తు చూసి బ్యాంకు ఇంటి అప్పు తగ్గిస్తుంది. ఒక గుంత పూడ్చబోయి ఇంకోటి తవ్వినట్టు.

బాపు పోయి ఆరేళ్లయింది. ఆ 2 లక్షల 20 వేలు మూడేళ్లలో తిరిగిచ్చాను. లెక్కపెట్టకుండానే రుమాలులో కట్టుకున్నాడు.

భోజనాలయ్యాక నేను లైబ్రరీ గదిలో ఉంటాను. బేరంలో ఉన్నవాళ్లెవరైనా లింకు డాక్యుమెంట్లు, ఈసీ పట్టుకొని రండి. ఒక తెల్ల కాగితం, పెన్ను తీసుకొని కూర్చుందాం.