మాయ పిలుపు

మారీచుడు శ్రీరాముని కంఠస్వరముతో అరచిన కథ మనకందరకు తెలిసినదే. ఆ పిలుపు విని సీత తల్లడిల్లెను. అది రాముని గొంతు కాదని లక్ష్మణుడు గ్రహించెను. అయినను ఆమె పలికిన నిష్ఠురములకు తాళజాలక పర్ణశాలను విడిచిపోయెను. ఆపద వచ్చినది దొంగ అరుపు వలన మాత్రమే కాదు, సందేహించినవానిని నిలువనీయకపోవుట వలన కూడ. నేడు టెలిఫోనులో వచ్చుచున్న మాయ పిలుపులను గూర్చి ఆలోచించునప్పుడు మనము ఈ సంగతి మరువరాదు.

ఒక మనిషి మాటలను కొలదిగా రికార్డు చేసి కృత్రిమ మేధకు వినిపించినచో, అది ఆ గొంతులోని స్థాయిని, నడకను, యాసను పట్టుకొని, ఆ మనిషి ఎన్నడు పలుకని మాటలను ఆ గొంతుతోనే పలుకగలదు. ఇందుకు మూడు సెకనుల మాట చాలునని 2023 జనవరిలో మైక్రోసాఫ్టు పరిశోధకులు తెలిపిరి. మనవారు పదిమందికి చూపుటకై పెట్టిన చిన్న వీడియోయే దొంగకు ముడిసరకు. 2019లో వెలువడిన వార్త ప్రకారము, బ్రిటనులోని ఒక ఇంధన సంస్థ అధికారి, జర్మనీలోని తన పై అధికారి మాటాడుచున్నాడనియే నమ్మి 2,20,000 యూరోలు పంపివేసెను. జర్మను యాస కూడ సరిగానే తోచెనట!

బిడ్డలు చదువులకో, ఉద్యోగములకో హైదరాబాదునకు, అమెరికాకు వెళ్ళిన తెలుగు ఇండ్లు నేడు లెక్కకు మిక్కిలి. అట్టి ఇంటికి అర్ధరాత్రి ఫోను వచ్చును. "అమ్మా, ప్రమాదము జరిగినది. నాన్నకు చెప్పవద్దు. వెంటనే డబ్బు పంపు" అని ఏడ్పు వినవచ్చును. తొందర, రహస్యము, డబ్బు: ఈ మూడును కలిసి వచ్చినప్పుడు గొంతు ఎంత తెలిసినదైనను నమ్మరాదు.

అప్పుడు చేయవలసినదేమి? ఫోను పెట్టివేసి, మనయొద్ద ముందే యున్న నంబరునకు మనమే ఫోను చేయవలెను. తెరపై కనబడు నంబరు కూడ కల్పితము కావచ్చును. బిడ్డ పలుకనిచో, ఆ బిడ్డతో కలిసియుండు మిత్రునికో, దగ్గరి బంధువునకో చేయవలెను. ఇంటివారందరు ఎదురెదుట కూర్చుండి ఒక గుర్తుమాట ఏర్పరచుకొనుట మరియు మంచిది. అది పుట్టినరోజు, ఊరిపేరు వంటిది కారాదు. ఎచ్చటను వ్రాసి పంపరాదు. డబ్బు పోయినచో, సిగ్గుపడి దాచక, తక్షణమే 1930 నంబరునకును, మన బ్యాంకునకును తెలుపవలెను. ఎంత త్వరగా తెలిపిన, ఆ డబ్బును దారిలో నిలిపివేయుటకు అంత అవకాశము కలదు.

అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి కలదు. "ఆగుడు, మరల ఫోను చేసి చూతము" అని ఇంటిలో ఒకరన్నప్పుడు, వారిని జాలిలేనివారని నిందింపకుందము. నిజముగా ఆపదలోనున్న బిడ్డకు రెండు నిమిషముల ఆలస్యము వలన వచ్చు నష్టము స్వల్పము. ఆ రెండు నిమిషములలో దొంగ పన్నాగము బయటపడును. కావున ఈ రాత్రి భోజనముల వేళనే ఇంటివారందరు ఈ విషయము మాటాడుకొందురు గాక!